చంటి బాబాయి చేసిన చట్టాలు

మందు సీసాతో వచ్చే పొట్టి చీటీ అయినా సరే, మా అత్తయ్య పైకి చదివిందంటే విన్నవాళ్ళకి నవ్వాగేది కాదు. "భోజనానికి ముందు కామా రోజుకు రెండుసార్లు కామా గోరువెచ్చని నీటితో చుక్క" అని చదివేది. కావాలని చేసేది కాదు, నాలుక అలా పట్టేసింది. మా అమ్మ పక్కనుంచి, "కామాలు కూడా గోరువెచ్చని నీటితోనే మింగాలా వదినా?" అనేది. అత్తయ్య ఉలిక్కిపడి తలెత్తి, ఏదైనా తప్పు చదివానా అని చీటీ మళ్ళీ చూసుకుని, అప్పుడు తనూ నవ్వేది.

అందుకే పిల్లలందరికీ ఆమె కామా అత్తయ్య. మా నాన్నకి అక్క. నాన్న తర్వాత పుట్టినవాడు చంటి బాబాయి. కణతల దగ్గర జుట్టు నెరిసినా ఆయన చంటే, ఎందుకంటే ఆయన బుద్ధి ఆరేడేళ్ళ దగ్గరే ఆగిపోయింది. నానమ్మ పోయేనాటికి నాన్నకి పెళ్ళయింది, అత్తయ్యకి కాలేదు. చంటి చెయ్యి ఎవరు పట్టుకోవాలన్న మాట ఎవరూ ఎత్తలేదట. అత్తయ్య అప్పటికే పట్టుకుని ఉంది.

అత్తయ్య పని సభ ముద్రణాలయంలో. చట్టాలు చేసే పెద్ద భవనానికి వెనకవైపు, సామాన్ల లారీలు వచ్చే సందులో ఉండేది అది. కింద యంత్రాలు, పైన చదివే గదులు. గదులంటే గదులు కావు, చెక్క పలకలు అడ్డం పెట్టిన గూళ్ళు. ఒక్కో గూట్లో ఇద్దరు మనుషులు, మధ్య ఒక బల్ల. సభనుంచి వచ్చిన రాతప్రతిని ఒకరు పైకి చదవాలి, అచ్చు ప్రూఫుమీద ఇంకొకరు పెన్సిలు నడిపిస్తూ సరిచూడాలి. అక్షరమే కాదు, కామా, చుక్క, బ్రాకెట్టు, కొత్త పేరా, అన్నీ నోటితో చెప్పాలి. చట్టంలో ఒక కామా జారితే జైల్లో ఉండాల్సినవాడు బయటికొస్తాడని అక్కడ ఒక సామెత. చిన్నప్పుడు నేను ఒకసారి వెళ్ళాను. ఒక గూట్లోంచి చేపలవేట పన్ను, పక్క గూట్లోంచి శ్మశానాల నిర్వహణ, ఇంకో గూట్లోంచి పాల కల్తీ, అన్నీ ఒకే రాగంలో, ఒకేసారి వినిపిస్తున్నాయి. కింద యంత్రం కదిలినప్పుడల్లా బల్లమీద పెన్సిళ్ళు వణికేవి.

అత్తయ్య చదివేది. సరిచూసేవారు ఒక పెద్దాయన, మాస్టారని అందరూ పిలిచేవారు. లావుపాటి కళ్ళజోడు, చెవిమీద ఇంకో పెన్సిలు. అత్తయ్యని చెల్లెమ్మా అనేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన ఆమెకి ఒకే పాఠం చెప్పారట. "అర్థం లోపలికొస్తే అక్షరం బయటికి పోతుంది, చెల్లెమ్మా. చదివేవాళ్ళు కథలో పడకూడదు." అత్తయ్య ఆ పాఠాన్ని ఎంతగా వంటబట్టించుకుందంటే, నలభై పేజీల చట్టం చదివి ఇంటికొచ్చాక అది దేని గురించని అడిగితే చెప్పలేకపోయేది. "ఏదోలే, కామాలు మాత్రం తెగ ఉన్నాయి" అనేది. దేశంలో చట్టాలన్నీ మా అక్క నోట్లోంచే పోతాయి, ఒక్కటీ గొంతు దిగదు అని నాన్న ఆటపట్టించేవాడు. ఆమెకి అది మెచ్చుకోలుగానే వినిపించేది.

ఒక్క వాక్యం మాత్రం ఆమెకి కంఠతా వచ్చు. ప్రతి చట్టానికీ నెత్తిమీద ఉండేది అది. "సభవారిచే ఇందుమూలంగా ఈ కింది విధంగా శాసించడమైనది." ఎప్పుడూ ఉండేదే కదా అని తక్కిన గూళ్ళవాళ్ళు దాన్ని మింగేసి ముందుకుపోయేవారు. అత్తయ్య మాత్రం ఏనాడూ మింగలేదు. దాన్ని చదివేటప్పుడు కొంచెం నిటారుగా కూర్చునేదని మాస్టారే తర్వాత నాతో అన్నారు.

ముద్రణాలయం సందు మలుపులోనే ఒక పగటి ఇల్లుండేది. చంటి బాబాయిలాంటి పెద్దవాళ్ళని పగలంతా అక్కడ కనిపెట్టుకుని, పేము కుర్చీలు అల్లడం నేర్పేవారు. అక్కాతమ్ముళ్ళు పొద్దున్న ఒకే బస్సులో వెళ్ళి, సాయంత్రం ఒకే బస్సులో వచ్చేవారు. ముద్రణాలయం గంట వినగానే బాబాయి చేతిలో అల్లిక అక్కడే వదిలేసేవాడు. కుర్చీలు నేర్పే ఆవిడ నాలుగడుగులు నడిపించి ముద్రణాలయం గేటు దగ్గర నిలబెట్టేది. అత్తయ్య మెట్లు దిగివచ్చేదాకా అక్కడినుంచి ఎవరు లాగినా కదిలేవాడు కాదు.

ఇంటికి చేరి ముఖాలు కడుక్కున్నాక వాళ్ళిద్దరికీ ఒక ఆట ఉండేది. దాన్ని మొదలుపెట్టింది బాబాయే. పగలంతా ఏం చేస్తావక్కా అంటే చట్టాలు చదువుతానురా అందట. ఎవరు చేస్తారని అడిగాడట. సభవారు అంది. నేనూ చేస్తానన్నాడు. అప్పటినుంచి రోజూ సాయంత్రం ఒక చట్టం. బాబాయి చెంచాతో బల్లమీద టకటకా కొట్టి, గొంతు సవరించుకుని, చట్టం చెప్పేవాడు. "పిల్లి లోపలే పడుకోవాలి." అత్తయ్య ఆఫీసు గొంతుతో అందుకునేది. "పిల్లి లోపలే పడుకోవాలి అని ఇందుమూలంగా శాసించడమైనది." చివర చుక్క మాత్రం బాబాయిది. "చుక్క" అని చెంచాతో ఇంకొక్క దెబ్బ కొట్టేవాడు. అంతటితో అది అమలులోకి వచ్చినట్టే. ఆ రాత్రినుంచి పిల్లి లోపలే.

వేసవి సెలవుల్లో నేను వాళ్ళింట్లో ఉన్నప్పుడు ఈ చట్టాలకి లోబడి బతికినదాన్నే. వరండా దీపం ఆర్పకూడదు. బెండకాయ వండిన రోజు ఎవరూ ఎవరినీ తిట్టకూడదు. అద్దంలో చూసుకునేవాళ్ళు ముందు చంటికి చోటివ్వాలి. గంట కొట్టగానే అక్క గేటు దగ్గరకి రావాలి, చంటి గేటు దగ్గర ఉండాలి. ఈ ఆఖరిది ఎప్పుడో చేసిన పాత చట్టం, బాబాయికి అన్నిటికన్నా ఇష్టమైనది.

అత్తయ్య ప్రతిదానికీ తలూపేది కాదు. ఒకరోజు బాబాయి, "రేపు వాన కురవకూడదు" అన్నాడు. చెంచా పైకెత్తి పట్టుకుని కూర్చున్నాడు. అత్తయ్య చదవలేదు.

"అది మన పరిధిలో లేదురా చంటీ."

"సభవారి పరిధిలో?"

"వాళ్ళ పరిధిలోనూ లేదు. జరగనిదాన్ని శాసించకూడదు. సవరణ పెట్టు."

బాబాయి చాలాసేపు ఆలోచించాడు. నేను ఏదో అందించబోతే కళ్ళెర్రజేశాడు. చివరికి, "వానొస్తే అక్కకో గొడుగు, చంటికో గొడుగు ఉండాలి" అన్నాడు. అత్తయ్య చదివింది, బాబాయి చుక్క పెట్టాడు. మర్నాడు అత్తయ్య రెండో గొడుగు కొనుక్కొచ్చింది.

నేను పీజీ చదివేటప్పుడు పరిపాలనలో తెలుగు మాటల మీద ఏదో రాయాల్సి వచ్చింది. శాసించడం అన్న మాట దగ్గర చిక్కుపడ్డాను. నిఘంటువు తీస్తే చట్టం చేయు, ఆజ్ఞాపించు, ఏలు, దండించు అని వరసగా ఉన్నాయి. ఇళ్ళలో అయితే అది దెప్పిపొడుపు మాట. "నువ్వెవరు నన్ను శాసించడానికి?" అని మా అమ్మ నాన్నని వారానికోసారైనా అనేది. రోజూ ఆ మాట చదివే మనిషి ఇంట్లోనే ఉండగా పుస్తకాలెందుకని అత్తయ్యనే అడిగాను. ఆ ఆలోచన తట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆమె బియ్యంలో రాళ్ళేరుతూ, "నాకేం తెలుసే, నేను చదువుతానంతే" అంది. చేట దించాక మళ్ళీ తనే అంది. "చెప్పినవాళ్ళు ఎవరో కనబడకపోయినా, చెప్పింది జరిగిపోతుంది చూడు. అది శాసించడం. మనం ఇంట్లో చేసేది ఊరికే అనడం."

"మరి బాబాయివి?"

"వాడివి జరుగుతాయి కదా" అంది అత్తయ్య.

ఆ ఏడాదే సభవాళ్ళు సమావేశాలు ముగిసేముందు ఒకదానిమీద ఒకటి చట్టాలు పంపించారు. ముద్రణాలయంలో టీ తాగడానికి కూడా గూట్లోంచి లేవనివ్వలేదట. బయట ముసురు, లోపల తడి కాగితాల వాసన. అలాంటి ఒక మధ్యాహ్నం అత్తయ్య చేతికి ఒక ముసాయిదా వచ్చింది. దాన్ని ఆమె ఎలా చదివిందో నేను వినలేదు. కానీ ఎలా చదివి ఉంటుందో నాకు తెలుసు. "సభవారిచే ఇందుమూలంగా ఈ కింది విధంగా శాసించడమైనది చుక్క కొత్త పేరా నిర్వహణ వ్యయం దృష్ట్యా కామా నగరమందలి పగటి గృహములను మూసివేయవలెను చుక్క అందలి వ్యక్తులలో కామా కుటుంబ సంరక్షణ సాధ్యపడనివారిని కామా కేంద్ర వసతి గృహమునకు తరలించవలెను చుక్క." ఒక్క తడబాటు లేదు. ఆ ప్రూఫులో తప్పులు కూడా రాలేదట.

మాస్టారి పెన్సిలు మాత్రం ఒకచోట ఆగింది. ఆయన తలెత్తి అత్తయ్య ముఖం చూశారు. ఆమె చదువుతూనే ఉంది. ఆయన మళ్ళీ తలదించుకుని పెన్సిలు నడిపించారు.

ముసాయిదా అచ్చయ్యాక సభలో ఓటు పడేలోపు కొన్నాళ్ళ వ్యవధి ఉంటుంది. అభ్యంతరాలున్నవాళ్ళు సభ్యులని కలిసి చెప్పుకోవచ్చు. ఏటి అవతల ఇంకో పగటి ఇల్లుండేది. అక్కడికి వచ్చే ఒక అమ్మాయి తల్లి, సభ్యుల వసతిలో బట్టలు ఇస్త్రీ చేసే మనిషి. ఆవిడకి ఎలా తెలిసిందో తెలిసింది. ఇస్త్రీ బట్టల మూట పట్టుకుని ఒక సభ్యుడి గుమ్మం ముందు రోజూ నిలబడి, నా పిల్లని ఎక్కడికి పంపుతారో చెప్పేదాకా చొక్కాలివ్వను అందట. ఆయన విసుక్కుని, నవ్వి, చివరికి సవరణ పెట్టించాడు. ఆ సవరణ కూడా మా అత్తయ్య గూటికే వచ్చింది. "ఏటి ఆవలి పగటి గృహము తప్ప కామా" అని ఆమే చదివింది.

ఇంటి దగ్గర ఆ రోజుల్లో బాబాయి చట్టాలు మామూలుగానే సాగాయి. ఇద్దరూ కుంటి కుర్చీకి విశ్రాంతి ఇవ్వాలని ఒక చట్టం చేశారట.

పగటి ఇల్లు మూతపడుతున్న సంగతి అత్తయ్యకి గేటు దగ్గరే తెలిసింది. ఒక సాయంత్రం బాబాయిని తెచ్చి నిలబెట్టిన కుర్చీలు నేర్పే ఆవిడ, వెళ్ళకుండా అక్కడే నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నెలాఖరున తాళం వేస్తారని చెప్పింది. ఎవరన్నారని అత్తయ్య అడిగితే, ఆవిడ వింతగా చూసింది. "మీకు తెలియకపోవడమేంటండీ? అచ్చయింది మీ దగ్గరేగా. మీరు చదివే ఉంటారు."

బస్సులో బాబాయి కిటికీ పక్కన కూర్చుని బోర్డులు లెక్కపెడుతూ వచ్చాడు. ఆ సాయంత్రం చట్టం చేద్దామంటే అత్తయ్య తలనొప్పిగా ఉందంది.

మర్నాడు గూట్లో కూర్చుని ఆమె మాస్టారిని అడిగింది. ఈ సంభాషణ నాకు ఇద్దరూ వేర్వేరుగా చెప్పారు. రెండింటికీ ఒక్క మాట తేడా లేదు.

"మాస్టారూ, పగటి ఇళ్ళ చట్టం మనం చూశామా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూశాం చెల్లెమ్మా. ముసురు రోజు."

"మీకు తెలిసిందా?"

"తెలిసింది."

"మరి నాతో అనలేదే."

"నీ గొంతు తొణకలేదమ్మా." ఆయన పెన్సిలు బల్లమీద పెట్టారు, అది దొర్లిపోకుండా వేలితో పట్టుకున్నారు. "తెలిసే ఓర్చుకుంటున్నావనుకున్నాను. నేను కదిపితే చెదిరిపోతావని నోరెత్తలేదు. ఏదో ప్రయత్నంలో ఉండే ఉంటావనుకున్నాను. ఎంత గుండె నిబ్బరం అని ఇంట్లో మా ఆవిడతో కూడా అన్నాను."

అత్తయ్య, "నేను వినలేదు మాస్టారూ" అంది.

అర్థం లోపలికి రానివ్వకూడదని అంత నమ్మకంగా నేర్పింది ఆయనే కదా.

తర్వాత ఆమె తిరగని చోటు లేదు. ఏటి అవతలి ఇంటికి వెళ్తే, సవరణ ప్రకారం పాతవాళ్ళకే చోటు, కొత్తవాళ్ళని చేర్చుకునే వీల్లేదన్నారు. అక్కడి గుమస్తా చట్టం కాగితం తీసి వేలితో చూపించాడు. చూపించనక్కర్లేదు, నాకు తెలుసు అంది అత్తయ్య. ఒక సభ్యుడి ఇంటికి వెళ్తే ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, ముసాయిదాగా ఉన్నప్పుడే రావలసిందమ్మా, ఇప్పుడు చట్టమైపోయింది అన్నాడు. ఆమె ఉద్యోగం మానితే తిండికి లేదు. మానకపోతే పగలు చంటిని చూసేవాళ్ళు లేరు. ఒంటరిగా వదిలేస్తే స్టవ్ వెలిగిస్తాడు, తలుపు తీసుకుని వెళ్ళిపోతాడు.

మా అమ్మ ముందుకొచ్చింది. "ఇంతమందికి వండుతున్నాను, వదినా, ఇంకొక్క కంచం నాకు బరువా? పగలు నా దగ్గర ఉంచు. సాయంత్రం నువ్వు తీసుకుపో" అంది. మాది ఊరి ఆ చివర, రెండు గదుల ఇల్లు. బాబాయి పొద్దున్నల్లా బాగానే ఉండేవాడు. అమ్మ కూర తరుగుతుంటే ముక్కలు లెక్కపెట్టేవాడు. దుప్పటి అంచు దారాలు లాగి కుర్చీ అల్లినట్టు అల్లేవాడు. పొద్దు వాలుతుంటే మాత్రం తలుపు దగ్గరకి వెళ్ళి నిలబడేవాడు. "గంట కొడతారు" అనేవాడు. అక్కడి గంట ఇక్కడికి వినపడదురా నాయనా, మీ అక్కే ఇక్కడికి వస్తుంది అని అమ్మ కూర్చోబెట్టేది. ఆ మాట ఆయనకి ఎక్కేది కాదు. చట్టంలో అలా లేదు కదా.

ఒకరోజు అమ్మ నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. వాన మొదలవుతోంది. గొడుగు తీసుకునే వెళ్ళాడు. బస్సు వెళ్ళే దారంతా నడుచుకుంటూ, బోర్డులు గుర్తుపట్టుకుంటూ, ముద్రణాలయం సందుదాకా వెళ్ళిపోయాడు. సందు మలుపులో గంట వినపడగానే పరుగెత్తాడట. సామాన్ల లారీ వెనక్కి వస్తోంది. డ్రైవర్ చూసి బ్రేకు వేశాడు కాబట్టి ప్రాణం దక్కింది, కాలు మాత్రం విరిగింది. అత్తయ్య మెట్లు దిగి వచ్చేసరికి గేటు ముందు జనం. మధ్యలో బాబాయి నేలమీద కూర్చుని ఉన్నాడు, గొడుగు ఇంకా విప్పే ఉంది. అక్కని చూసి, "ఆలస్యం చేశావు" అన్నాడు.

ఆస్పత్రి వరండాలో నాన్న చాలా తటపటాయించి, "అక్కా, ఇంక మన వల్ల కాదే" అన్నాడు. అమ్మ తప్పంతా తనదేనని ఏడ్చింది. అత్తయ్య మాత్రం, "గేటు దగ్గర ఉండాలని చదివింది నేనే" అంది. తర్వాత తలూపింది.

కేంద్ర వసతి గృహం చాలా దూరం, రైలు దిగి మళ్ళీ బస్సెక్కాలి. చంటి బాబాయిని దింపి వచ్చిన రోజు అత్తయ్య ఏం చేసిందో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు పనికి వెళ్ళింది. అక్కడ మొదలైంది అసలు ఇబ్బంది. ఆమెకి అర్థం వినబడడం మొదలైంది. చేపలవేట పన్ను చదువుతూ చదువుతూ ఆగి, "పాపం, చిన్న పడవలవాళ్ళకి కూడానా మాస్టారూ?" అనేది. కామాలు జారిపోసాగాయి. ఆ మొదటి వాక్యమైతే ముగించలేకపోయేది. ఇందుమూలంగా అన్నదాకా వచ్చి ఆగిపోయేది. మాస్టారు తల వంచుకునే, ఆ మిగిలిన మాటలు తనే చదివి, పెన్సిలు ముందుకు నడిపేవారు. చదవడం ఆయన పని కాదు. ఆయన రిటైరయ్యేదాకా ఆ గూట్లో అలాగే జరిగింది. ఆయన వెళ్ళాక అత్తయ్య తనని కింద కాగితాలు మడిచే విభాగానికి మార్చమని అడిగింది. అక్కడ చదవనక్కర్లేదు.

వసతి గృహంలో చూడ్డానికి నెలకొక ఆదివారమే రానిస్తారు. మొదటిసారి నేనూ వెళ్ళాను. పొడుగాటి హాలు, గోడలకి తెల్లసున్నం, వరసగా బెంచీలు. బాబాయి జుట్టు పూర్తిగా కత్తిరించేశారు. అందరికీ ఒకలాంటి బూడిదరంగు చొక్కా. విరిగిన కాలు కొంచెం ఈడుస్తూ వచ్చి, అక్క పక్కన కూర్చుని, ఆమె శాలువా అంచు దారాలు లాగి అల్లడం మొదలుపెట్టాడు. ఇక్కడ పేము ఇవ్వరా అని అత్తయ్య అడిగింది. ఇవ్వరు అన్నాడు. పిల్లి ఎక్కడ పడుకుంటోందని అడిగాడు. లోపలే అంది. వరండా దీపం? వెలుగుతోంది అంది. వాటికి తృప్తిగా తలూపాడు.

మాకు ఇచ్చిన సమయం అయిపోతోందని ఒకావిడ వచ్చి గుర్తుచేసింది. అత్తయ్య లేవబోయింది. బాబాయి ఒక వేలు పైకెత్తాడు. చెంచా లేదు కదా, వేలితోనే బెంచీమీద టకటకా కొట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"అక్క వెళ్ళకూడదు."

వేలు అలా గాల్లోనే పట్టుకుని చూస్తున్నాడు. అత్తయ్య పెదవులు కదిలాయి. పక్క బెంచీవాళ్ళు మావైపు చూస్తున్నారు. నేను నా చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను. ఊరికే అనేస్తే ఏం పోయిందని నాకనిపించింది. ఆమె అనలేదు. వానకి అనలేదు, దీనికీ అనలేదు.

బాబాయే అడిగాడు. "మన పరిధిలో లేదా అక్కా?"

"లేదురా."

"సవరణ పెట్టనా?"

అత్తయ్య తలూపింది.

బాబాయి చాలాసేపు ఆలోచించాడు. ఆ హాల్లో అంత గోలలోనూ ఆయన ఆలోచిస్తుంటే ఎవరూ మమ్మల్ని తొందరపెట్టలేదు. "అక్క వెళ్ళినా మళ్ళీ రావాలి" అన్నాడు.

"అక్క వెళ్ళినా కామా మళ్ళీ రావాలి అని ఇందుమూలంగా..." అంది అత్తయ్య. అక్కడ ఆగింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. మాస్టారు లేరు అందించడానికి. ఆమె నిటారుగా కూర్చుంది. "శాసించడమైనది" అంది.

"చుక్క" అని బాబాయి బెంచీమీద ఒక్క దెబ్బ కొట్టాడు.

అది ఆయన చేసిన ఆఖరి చట్టం. ఆ తర్వాత రెండుమూడు సార్లు అత్తయ్య అడిగింది, చట్టం చేద్దామా చంటీ అని. వద్దన్నాడు. తర్వాత వద్దనడం కూడా మానేశాడు. అక్కడ ఇచ్చే మందులవల్లో, మాట్లాడేవాళ్ళు లేకో, ఏడాది తిరిగేసరికి మాటలు తగ్గిపోయి, మరుసటి ఏటికి పూర్తిగా ఆగిపోయాయి. ఇప్పుడు అక్కని గుర్తుపడతాడో లేదో చెప్పలేం. శాలువా అంచు కనిపిస్తే మాత్రం వేళ్ళు దానిమీదకి పోతాయి. అత్తయ్య శాలువాలన్నిటికీ ఒకవైపు అంచు జడలాగా అల్లి ఉంటుంది.

ఆమె రిటైరైంది. మోకాళ్ళ నొప్పులు. పిల్లి పోయి దాని పిల్ల ఒకటి మిగిలింది, అది లోపలే పడుకుంటుంది. వరండా దీపం ఆర్పబోతే నాకు ఒకసారి చివాట్లు పడ్డాయి. రద్దు చెయ్యడానికి నువ్వెవరంది. చేసినవాడే రద్దు చెయ్యాలట.

మొన్న ఆదివారం పొద్దున్న ఆమెని రైలెక్కించడానికి వెళ్ళాను. ఆకాశం నల్లగా ఉంది, చినుకులు మొదలయ్యాయి. రాత్రంతా మోకాలు పట్టేసి నిద్రలేదని ఆమె మొహమే చెబుతోంది.

"ఈ నెలకి మానెయ్ అత్తయ్యా. వచ్చే నెల నేనూ వస్తాను. బాబాయికి ఎలాగూ తెలియదు."

"వాడికి తెలియకపోతే చట్టం లేకుండా పోతుందా?" అంది.

కోపంగా అనలేదు. నాకు తెలియని సంగతేదో చెప్పినట్టు, మెల్లగా అంది. శాసించడానికి దండించడమనే అర్థం కూడా నిఘంటువులో ఉందని నేను ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. ఆమె చెప్పులు వేసుకుంది. సంచీలో బిస్కెట్ల పొట్లం సర్దింది. తలుపు వెనక మేకుకి వేలాడుతున్న గొడుగు తీసుకుంది. పక్క మేకుకున్న రెండోది కూడా తీసి, దుమ్ము దులిపి, చంకలో పెట్టుకుంది. రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగసాగింది.

"అది నాకివ్వు అత్తయ్యా, నేను పట్టుకుంటాను" అన్నాను.

"ఇది నీది కాదే" అంది. కింద మెట్టుమీద ఆగి, తన గొడుగు విప్పుకుంది.